పదకొండు సెకన్ల గడ్డి

ఆయనకు తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటి ఉండే ఉంటుంది. కానీ అన్నగారి పిల్లలు ఏనాడో "రేపు బాబాయి" అని పిలవడం మొదలుపెట్టారు. అది కాస్తా ఇల్లు దాటి, వీధి దాటి, ఆయన పనిచేసిన పోస్టాఫీసు దాకా పాకింది. ఏ పని చెప్పినా "రేపు చూద్దాంలే" అనడం ఆయనకు ఊపిరి పీల్చుకున్నంత సహజం. స్నానాల గదిలో కొళాయి ఆరేళ్ళుగా కారుతోంది. ముందుగది గోడకు మూడు వంతులు రంగు పడింది, నాలుగో వంతు రేపు పడుతుంది. చిత్రమేమిటంటే, ఇదే మనిషి ముప్ఫై మూడేళ్ళు సార్టింగు బల్ల దగ్గర నిలబడి ఉత్తరాలు వేరుచేస్తూ, ఒక్క కార్డు ముక్కనైనా మర్నాటికి మిగల్చలేదు. పరాయివాళ్ళ పని ఇవాళ, సొంత పని రేపు. అదీ ఆయన పద్ధతి.

ఆయన మొదలుపెట్టి దాదాపు పూర్తిచేసిన ఘనకార్యం ఒక్కటుంది. పదిహేనేళ్ళ కిందట ఒక రికార్డర్ కొన్నాడు. ఒకవైపు పాత వీడియో టేపు దూర్చడానికి నోరు, రెండోవైపు డిస్కు పెట్టడానికి బయటికి జరిగి వచ్చే పళ్ళెం. టేపు ఆడుతూ ఉంటే అందులోని బొమ్మంతా డిస్కులోకి ఎక్కుతుంది. గంట టేపు ఎక్కడానికి గంటా పడుతుంది, ఎంత తొందరపెట్టినా నిమిషం తగ్గదు. దాని ఈ స్వభావం బాబాయికి తెగ నచ్చేసింది. మూడు నెలల పాటు దాని ముందు కుర్చీ వేసుకుని కూర్చుని, ఇంట్లో ఉన్న టేపులన్నీ నలభై మూడు డిస్కుల్లోకి ఎక్కించాడు. ప్రతి డిస్కు మీదా గుండ్రటి అక్షరాలతో పేరు రాశాడు. బూజు పట్టిన టేపుల్ని పాతసామాన్లవాడికి ఇచ్చేశాడు.

ఇక మిగిలింది ఒక్కటే పని. ప్రతి డిస్కునూ చివర్లో మూసెయ్యాలి. అంటే, ఇందులో ఇక ఎక్కించేది ఏమీ లేదు, దీని కథ ముగిసింది అని రికార్డర్‌కు చెప్పాలి. డిస్కుకి నాలుగు నిమిషాలు చాలు. అలా మూస్తేనే అది వేరే యంత్రాల్లో ఆడుతుంది. మూయకపోతే ఎక్కించిన యంత్రం తప్ప మరొకటి దాని మొహం కూడా గుర్తుపట్టదు.

"ఇంకా పావుగంట చోటుంది కదా, ఇప్పుడే మూసెయ్యడం ఎందుకు? రేపు ఏదైనా ఎక్కించుకోవచ్చు," అనుకున్నాడు బాబాయి. ఆ రేపు ఇంకా రాలేదు.

ఇదిలా ఉండగా పిన్నికి మోకాలి ఆపరేషన్ సోమవారానికి ఖాయమైంది. అరిగిపోయిన కీలు తీసేసి కొత్తది వేస్తారు. పిన్ని అంటే బాబాయి భార్య. మామూలుగా భయపడే మనిషి కాదు. టెలిఫోన్ ఎక్స్చేంజిలో ఇరవై ఎనిమిదేళ్ళు ముక్కూమొహం తెలియనివాళ్ళ తిట్లన్నీ విని, "ఒక్క నిమిషం ఆగండి, కలుపుతున్నాను," అని చల్లగా చెప్పిన మనిషి. అలాంటిది, గురువారం మధ్యాహ్నం బట్టలు మడతపెడుతూ ఉన్నట్టుండి ఆగిపోయింది.

"ఏవండీ, నేను పరిగెత్తిన వీడియో ఉందిగా. ఒక్కసారి చూపించరూ?"

"ఇప్పుడెందుకు అది?"

"సోమవారం ఈ కాలు తీసుకెళ్ళి వాళ్ళ చేతుల్లో పెడుతున్నా. మళ్ళీ సరిగ్గా నడుస్తానో, ఇలాగే ఈడుస్తానో. అసలు ఇది ఒకప్పుడు పరిగెత్తిందంటే నాకే నమ్మకం కలగట్లేదు. ఒక్కసారి కళ్ళారా చూసుకుంటే ధైర్యంగా వెళ్తాను."

బాబాయి నోటి దాకా "రేపు" వచ్చింది. ఆవిడ మొహం చూసి దాన్ని మింగేశాడు.

ఆ పరుగు ముప్ఫై ఏళ్ళ కిందటిది. పోస్టాఫీసు వాళ్ళూ టెలిఫోన్ వాళ్ళూ కలిసి జరుపుకున్న ఆటలపోటీల్లో పిన్ని నాలుగు వందల మీటర్ల పందెంలో మొదట వచ్చింది. అప్పటికి ఆవిడకు ముప్ఫై నాలుగేళ్ళు, ఇద్దరు పిల్లల తల్లి. పక్కన పరిగెత్తినవాళ్ళంతా పాతికేళ్ళ లోపువాళ్ళు. స్నేహితుణ్ణి బతిమాలి తెచ్చుకున్న కెమెరాతో వీడియో తీసింది బాబాయి. అప్పటి నుంచీ ఇంటికి ఎవరొచ్చినా ఆయన కోత ఒకటే. "రిబ్బను తెంపిందే, సరిగ్గా ఆ క్షణం పట్టాను! రిబ్బను గాల్లోకి లేవడం కూడా కనిపిస్తుంది!" సరే, చూపించవయ్యా అంటే మాత్రం రేపు.

ఎందుకంటే ఆ క్షణం ఆ వీడియోలో లేదు. ఉన్నది గడ్డి. చివరి మలుపు తిరిగేదాకా పరుగు బాగానే పడింది. ఆ తర్వాత కెమెరా ఒక్కసారిగా కిందికి వేలాడిపోయింది. మళ్ళీ పైకి లేచేసరికి పందెం అయిపోయింది. ఆ రాత్రే కెమెరా కంటికి ఆనించుకుని చూసుకుంటే బాబాయికి గుండెల్లో రాయి పడింది. ఆ తర్వాత టేపును డిస్కులోకి ఎక్కించేటప్పుడు కూడా, ఆ పావుగంటా తన తప్పు తాను చూడలేక వంటింట్లో దాక్కున్నాడు. ఇంత పెద్ద కెమెరా వీరుడు అసలు క్షణాన్నే పోగొట్టాడంటే పరువేం కావాలి?

శుక్రవారం పొద్దున్నే కూతురు తన ఇంటి నుంచి, ఈ కాలపు టీవీలకు సరిపోయే డిస్కు ప్లేయర్ పట్టుకొచ్చింది. పదిహేడో నంబరు డిస్కు పెట్టింది. యంత్రం కాసేపు గరగరమని, డిస్కు ఖాళీగా ఉందని చెప్పింది.

"నాన్నా, ఇందులో ఏమీ లేదంటోంది."

బాబాయి నీళ్ళు నమిలాడు. "ఉంది. మూయలేదంతే."

"ఇంకా ఎన్ని మూయలేదు?"

"నలభై మూడు."

"మొత్తం ఎన్ని?"

"నలభై మూడే."

కూతురు తండ్రి వైపు చూసిన చూపు గురించి చెప్పుకోకపోవడమే మర్యాద. పిన్ని మాత్రం "సరేలెండి, ప్రాప్తం లేదు," అని మోకాలు రుద్దుకుంటూ లోపలికి వెళ్ళిపోయింది. తిట్టి ఉంటే బాబాయి హాయిగా ఉండేవాడు. తిట్టకపోయేసరికి చెప్పులు వేసుకున్నాడు.

రికార్డర్ పిన్ని తమ్ముడి ఇంట్లో ఉంది. ఏడేళ్ళ కిందట వారం రోజులకని అడిగి పట్టుకుపోయాడు. ఆయనకు ఇస్త్రీ షాపు ఉంది. ఊరందరి బట్టలూ చెప్పిన టైముకి తిరిగి ఇచ్చేస్తాడు గానీ, చుట్టాల దగ్గర తెచ్చుకున్న వస్తువులు వెనక్కి ఇచ్చే అలవాటు లేదు.

"ఏమోయ్, ఆ రికార్డర్ ఉందా?"

"ఉందా అంటారేంటి బావా, నిక్షేపంలా ఉంది. కాకపోతే పనిలో ఉంది."

పనేమిటంటే, చేపల తొట్టిని మొయ్యడం. తొట్టికి ఆ ఎత్తు బాగా కుదిరిందట. కదిపితే చేపలు బెంగపెట్టుకుంటాయని బావమరిది చాలా సేపు వాదించాడు. చివరికి "అక్క అడిగింది" అనేసరికి గప్‌చుప్‌గా బక్కెట్టు తెచ్చాడు. ఇద్దరూ ఆయాసపడుతూ ఆరు చేపల్ని బక్కెట్టులోకి మార్చి, తొట్టి దించి, రికార్డర్ మీది దుమ్ము ఊదారు. ఇంటికి పట్టుకుపోదామంటే, ఇంట్లో కొత్త టీవీకి ఆ కాలపు ఎరుపు, తెలుపు, పసుపు తీగలు పెట్టే కన్నాలే లేవు. బావమరిది పాత టీవీకి ఉన్నాయి. పోనీ పిన్నినే ఇక్కడికి తీసుకొద్దామంటే ఈ ఇల్లు మూడో అంతస్తు, లిఫ్టు లేదు. కాబట్టి డిస్కులు ఇక్కడే మూసి, ఇంటికి తీసుకెళ్ళాలి.

శనివారం తొమ్మిదింటికల్లా బాబాయి డిస్కుల పెట్టెతో సహా దిగిపోయాడు. బావమరిది షాపుకి వెళ్ళాడు. ఇంట్లో మిగిలింది బాబాయి, చేపలు. పళ్ళెం కాస్త మొరాయించి, చివరికి బయటికి వచ్చింది. పదిహేడో డిస్కు పెట్టి, దొంగలా టీవీ గొంతు పూర్తిగా నొక్కేసి చూశాడు.

పరుగు, మలుపు, గడ్డి. అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. లెక్కపెట్టాడు, గడ్డి పదకొండు సెకన్లు ఉంది.

ఇక్కడే బాబాయికి ఒక దిక్కుమాలిన ఆలోచన వచ్చింది. మూయని డిస్కులో ఒక సౌకర్యం ఉంది. అక్కర్లేని ముక్క కోసి పారెయ్యొచ్చు. మలుపు దగ్గర కోసేసి, బ్యాటరీ అయిపోయిందని చెప్తే ఎవడు అడుగుతాడు? ముప్ఫై ఏళ్ళ పరువు నిలబడుతుంది. కోత ఎక్కడ మొదలవ్వాలో గుర్తుపెట్టాడు. ఎక్కడ ఆగాలో చూద్దామని గడ్డి దాటి ముందుకు జరిపాడు. అక్కడ పిన్ని ఉంది. గీత దాటి, వంగి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని రొప్పుతూ, తలెత్తి జనంలో ఎవరికోసమో వెతుకుతోంది. ఎవరికోసమో ఏమిటి, ఆయనకోసమే. ఆ మొహాన్ని చూశాక బాబాయికి తన మీద తనకే రోత పుట్టింది. పెట్టిన గుర్తు తీసేశాడు.

"ఈ డిస్కును మూసెయ్యాలా? తర్వాత మార్పులు కుదరవు," అని అడిగింది యంత్రం. అవునని నొక్కి, ఆ నాలుగు నిమిషాలూ బక్కెట్టులో చేపల్ని చూస్తూ కూర్చున్నాడు. తర్వాత మిగతా నలభై రెండూ కూడా మూసేశాడు. మధ్యాహ్నం భోజనానికి వచ్చిన బావమరిది, బావ ఒక పని పూర్తిచేయడం కళ్ళారా చూసి ముక్కున వేలేసుకున్నాడు.

ఆదివారం మధ్యాహ్నం పిన్ని కుర్చీలో కూర్చుని, నొప్పి కాలు పీట మీద పెట్టుకుంది. కూతురు డిస్కు పెట్టింది. ఈసారి యంత్రం గరగరమనలేదు. సున్నపు గీతల మధ్య ఆరుగురు ఆడవాళ్ళు వరసగా నిలబడ్డారు.

"అదిగో, తెల్ల షూలు, నేనే!" అంది పిన్ని. "అమ్మో, ఎంత సన్నగా ఉన్నానే! ఆ పక్కపిల్ల చూడు, మోచెయ్యి ఎలా అడ్డం పెడుతోందో. నాలుగో స్థానంలోనే ఉన్నా ఇంకా... ఇప్పుడు చూడు, ఇప్పుడు చూడు!" కుర్చీలోనే ముందుకు వంగింది. మూడో స్థానం. రెండో స్థానం. చివరి మలుపు.

ఆకాశం గిర్రున తిరిగింది. ఎవరిదో గొడుగు కనిపించింది. తర్వాత గడ్డి.

బాబాయి కళ్ళు మూసుకున్నాడు. కానీ ఈసారి టీవీ గొంతు నొక్కి లేదు.

"పరిగెత్తు! పరిగెత్తవే! అదిగో, అదిగో! అయ్యా, ఆ తెల్ల షూలావిడ మా ఆవిడండీ! మా ఆవిడే! ఇద్దరు పిల్లల తల్లండీ! మా ఆవిడే!" చివర్లో ఆ గొంతు చీరుకుపోయి, ఏడుపులోకి దిగింది. గడ్డి ఎగిరెగిరి పడుతోంది.

ఆ గొంతు ఎవరిదో కూతురికి వెంటనే తెలియలేదు. తండ్రి అలా అరవగలడని ఎప్పుడూ వినలేదు. నిజానికి బాబాయికీ తెలియదు. తను అరిచినట్టే గుర్తులేదు. చెవులు ఎర్రబడిపోయాయి.

"కట్టెయ్యవే," అన్నాడు. తర్వాత పిన్నితో, "రిబ్బను తెంపింది ఇందులో లేదు. ముప్ఫై ఏళ్ళుగా అబద్ధం చెప్తున్నాను. అసలుది పోగొట్టాను," అని తలదించుకున్నాడు.

పిన్ని చూపు ఇంకా టీవీ మీదే ఉంది.

"ఆ రోజు ఇంటికొచ్చాక నాతో ఏమన్నారో గుర్తుందా మీకు?"

"లేదు."

"'బాగానే పరిగెత్తావు, మొదట్లోనే వేగం పెంచాల్సింది,' అన్నారు. అంతే. తర్వాత అన్నం పెట్టమన్నారు." పిన్ని మోకాలు రుద్దుకుంది. "ఎప్పుడు చెప్పినా మీరు తీసిన వీడియో గురించే చెప్పేవారు. నా పరుగు మీకు పట్టలేదనుకున్నా. ముప్ఫై ఏళ్ళూ అలాగే అనుకున్నానండీ."

బాబాయి తలెత్తి ఆవిడ వైపు చూశాడు.

"మళ్ళీ పెట్టవే," అంది పిన్ని కూతురితో.

"మొదట్నుంచా అమ్మా?"

"కాదు. గడ్డి దగ్గర్నుంచి."

నాలుగుసార్లు చూసింది. నాలుగోసారికి కళ్ళు తుడుచుకుని, నవ్వుతూ భర్త వైపు తిరిగింది. "రేప్పొద్దున నన్ను లోపలికి తీసుకెళ్తారు చూడండి, అప్పుడూ ఇలాగే అరవాలి మీరు."

"హాస్పిటల్లోనా? అంతమంది ఉంటారే!"

"అప్పుడు మాత్రం లేరా?"

సోమవారం ఏడున్నరకి చక్రాల మంచం వరండాలో కదిలింది. బాబాయి గోడవారగా నిలబడి రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు. ఆపరేషన్ గది తలుపులు తెరుచుకుంటుండగా ఇక ఆగలేక, "మా ఆవిడండీ! మా ఆవిడే!" అని వరండా అంతా వినపడేలా అరిచాడు. బెంచీల మీదివాళ్ళు ఉలిక్కిపడి లేచారు. నర్సు వచ్చి గట్టిగానే చివాట్లు పెట్టింది. పిన్ని నవ్వుతూనే లోపలికి వెళ్ళింది.