పక్క ఆకులో చెయ్యి

హజరత్తయ్య పంక్తిలో కూర్చోగానే చొక్కా చెయ్యి మోచేతి పైకి మడుస్తాడు. తర్వాత ఆ చెయ్యి పక్కవాడి ఆకులోకి వెళ్తుంది. తిరిగి వచ్చేటప్పుడు అందులో లడ్డు ఉంటుంది.

ఆయనలో లోపం ఇదొక్కటే. తాగడు. పేకాడడు. చాడీలు చెప్పడు. పక్కవాడి ఆకులో తీపి మాత్రం వదలడు. లడ్డయినా, మైసూరుపాకైనా, జాంగ్రీ అయినా ఒకటే. అదీ పక్కవాడు ఆకు ముట్టకముందే తీస్తాడు. ఎంగిలి ముట్టడు. అందులో ఆయనకు నియమం ఉంది.

మా పాలెంలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఆయన ల్యాబు టెక్నీషియను. మనిషి ఎండు వాలుగ చేపలా ఉంటాడు. అన్ని లడ్లు లోపలికి వెళ్ళి ఏమవుతాయో ఎవరికీ అర్థం కాలేదు. నడుము చుట్టూ ఒక్క అంగుళం పెరగలేదు.

పెళ్ళిళ్ళలో ఆయన ఎక్కడ పడితే అక్కడ కూర్చోడు. పంక్తి ఆ చివర నుంచి ఈ చివరకు ఒకసారి నడుస్తాడు. మొహాలు చూస్తాడు. ఒకచోట ఆగుతాడు.

"పెద్ద లడ్డు ఏ ఆకులో పడిందో చూసుకుంటా ఉండాడు," అనేవాళ్ళం.

బోటు నడిపే సరంగు పెంచలయ్య పక్కనే ఆయన ఎక్కువగా కూర్చునేవాడు. పెంచలయ్య మాటకారి. అటు తిరిగి ఎవరితోనో వలల సంగతి చెప్పి ఇటు తిరిగేసరికి ఆకులో ఖాళీ.

"లడ్డు ఏదబ్బా?"

"ఇప్పుడే పెడితిని గదన్నా," అనేవాడు వడ్డించే మనిషి.

"పెట్టుంటే ఏదీ?"

"పక్కన ఎవురు కూర్చోనుండారో చూడు."

హజరత్తయ్య తల వంచుకుని నమిలేవాడు. పెంచలయ్య ఇంకో లడ్డు అడిగేవాడు కాదు. పెద్దమనసు అనుకునేవాళ్ళం.

ఒక పెళ్ళి రోజు శ్రీహరికోటలో రాకెట్ లేచింది. పంక్తి పంక్తంతా తలెత్తి ఆకాశం చూసింది. అది మబ్బులోకి వెళ్ళాక తలలు దించాం. ఐదు ఆకుల్లో జాంగ్రీలు లేవు. రాకెట్‌కు పట్టిన సమయం కంటే ఆయనకు తక్కువే పట్టింది.

నాది ఐసు ఫ్యాక్టరీలో పని. ఐసు సుధాకర్ అంటారు. ఆరు పెళ్ళిళ్ళలో నేను ఆయన పక్కన కూర్చున్నాను. ఒక్కసారీ నా ఆకులో చెయ్యి పెట్టలేదు. నన్ను దాటి అవతలి ఆకులోకి వంగి మరీ తీశాడు. మొదట సంతోషించాను. నాలుగో పెళ్ళికి మనసు కష్టపడింది. నా లడ్డులో ఏం తక్కువైంది?

ఏడోది మా వీధి మహాలక్ష్మి కూతురి పెళ్ళి. లడ్డు పడింది. చొక్కా మడత పైకి జరిగింది. చెయ్యి వచ్చింది. నా లడ్డును రెండుగా విరిచి, ఒక ముక్క తీసుకుని, ఒక ముక్క నాకే వదిలి వెళ్ళింది.

సగం తీసుకోవడం పాలెం ఎరగదు. ఆ సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. ఆయన భార్య అంకాలమ్మ అరుగు మీద చేపలు తోముతోంది.

"అక్కా, ఆయనకి లడ్లంటే అంత పిచ్చేంది?"

అంకాలమ్మ కత్తి పక్కన పెట్టింది. "పిచ్చా? ఆ మనిషికి తీపంటే గిట్టదు నాయనా. మా ఇంట్లో చక్కెర డబ్బానే లేదు. పెళ్ళి నుంచి వచ్చినాడంటే గంటసేపు ఊరగాయ జాడీ కాడే ఉంటాడు. నాలిక కడుక్కుంటా ఉండా అంటాడు."

లోపల హజరత్తయ్య నిజంగానే జాడీ దగ్గర ఉన్నాడు.

"అన్నా, నా లడ్డు సగమే ఎందుకు తీసినావు?"

ఆయన వేలు నాకి, తుడుచుకుని, నన్ను కూర్చోమన్నాడు. "పోయిన వారం క్యాంపులో పరీక్షకి రక్తం ఇచ్చినావు. రిపోర్టుకి రాలేదు. ఎదురు చూసినా. రాలేదు. నీకింకా షుగరు రాలేదబ్బయా. గడప మీద నిలబడుండావు. అందుకని నీకు సగం."

పోయిన లడ్లన్నీ వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాను.

"అంటే ఇన్నాళ్ళూ నువ్వు తీసిన లడ్లన్నీ..."

"నేనేం చెప్పలేదు. నువ్వేం అడగలేదు."

జాడీకి మూత పెట్టి ఆయనే మొదలుపెట్టాడు. "ఆకులో తీపి వదిలితే పెళ్ళోళ్ళకి కోపం. తింటే రక్తానికి కోపం. షుగరుందని చెప్పుకోడానికి సిగ్గు. మరి లడ్డు ఎట్ట పోవాల? ఎవురో ఒకడు దొంగ కావాల గదా."

"లడ్డు తింటే అంతపని అయిపోద్దా?"

"ఒక్క లడ్డుతో ఏం కాదు. ఏడాదంతా ఒక్క లడ్డే అనుకుంటారు చూడు, దాంతో అయిద్ది. పులికాటు ముఖద్వారం చూసినావు గదా. ఇసక మేట పడి పడి బోటు పోయే దోవ ఉండదు. గుండె రక్తనాళాలూ ఆ మాదిరే. ఏళ్ళ తరబడి షుగరు, బీపీ, కొవ్వు ఎక్కువుంటే దోవ సన్నబడిపోద్ది."

"అయితే పొక్లెయిన్ పెట్టి తీయించుకుంటా."

"మేట పడినాక పెద్ద డాక్టర్లు చూసుకుంటారు. పడకుండా చూసే పని నీది. ఐసు బండి పక్కన పెట్టి రోజూ నడువు. అన్నం గుట్ట తగ్గించు. మూడు నెలలకి మళ్ళీ వేలు తీసుకోనిరా."

వేలు తీసుకొస్తానని మాటిచ్చి బయటికి వచ్చాను. అక్కడితో ఊరుకుని ఉంటే బాగుండేది.

మర్నాడు టీ కొట్టులో నలుగురు హజరత్తయ్యను తిండిపోతు అని నవ్వుతున్నారు. నేను ఉండబట్టలేకపోయాను.

"ఆయన ఊరికే తీయడు," అన్నాను. "ఎవురి ఆకులో తీయాల్నో ఆయనకి తెలుసు. ల్యాబులో పనిచేసే మనిషి."

పక్క బల్ల మీద చెంచురామయ్య ఉన్నాడు. పెంచలయ్య నడిపే బోటు ఆయనదే. టీ చల్లారిపోయేదాకా గ్లాసు పట్టుకుని ఆలోచించాడు.

"అయితే మా సరంగు లడ్డు పదిసార్లు పోయిందే," అన్నాడు.

నా నోట్లో టీ అక్కడే ఉండిపోయింది. సరంగుకు షుగరని తెలిస్తే ఓనరు బోటు ఇవ్వడు. నడిసముద్రంలో కళ్ళు తిరుగుతాయని భయం. పెంచలయ్య ఇరవై రెండేళ్ళుగా సరంగు. ఒడ్డున ఆయనకు వేరే పని తెలియదు.

పరుగెత్తి హజరత్తయ్యతో చెప్పాను. తిడతాడనుకున్నాను. ఆయన సిరంజిల పెట్టె సర్దుతూ ఉండిపోయాడు.

"మాత్ర వేళకి పడి, తిండి సక్రమంగా ఉంటే, ఆ మనిషి సముద్రానికి పోవచ్చని డాక్టరమ్మ పరీక్ష చేసి మరీ చెప్పింది," అన్నాడు. "జనానికి అది వినపడదు. రోగం పేరు ఒక్కటే వినపడిద్ది. గంగమ్మ భోజనం ఎప్పుడు?"

"ఎల్లుండి."

వేట నిషేధం రెండు నెలలూ అయ్యాక, బోట్లు కదిలే ముందురోజు మధ్యాహ్నం, ఓనరు తన బోటువాళ్ళకీ నాలుగిళ్ళ వాళ్ళకీ ఒడ్డున భోజనం పెడతాడు. గంగమ్మ పేరు చెప్పి ముందు సరంగు తీపి తినాలి. ఆయన తినేదాకా ఎవరూ ఆకు ముట్టకూడదు. తినని సరంగు బోటు ఎక్కకూడదు.

ఆ రోజు చెంచురామయ్య లడ్లు కొబ్బరికాయంత చేయించాడు. పెంచలయ్య ఆకులో రెండు పెట్టించాడు. తాను సరిగ్గా ఎదురు వరసలో కూర్చున్నాడు. లడ్డును చూడలేదు. హజరత్తయ్య చెయ్యిని చూస్తున్నాడు.

పందిరి కింద ఇరవై ఆరు ఆకులు. పెంచలయ్య తన ఆకులోని రెండు లడ్లనూ చూస్తున్నాడు. ఆ చెయ్యి వస్తే ఆయన పని ఆ పూటతో సరి. రాకపోతే రెండు కొబ్బరికాయలు మింగాలి. నేను ఇసక వైపు చూస్తూ కూర్చున్నాను.

హజరత్తయ్య లేచాడు. చొక్కా మడత పైకి జరిపాడు. సరంగు వైపు వెళ్ళలేదు. నేరుగా చెంచురామయ్య ముందుకు వెళ్ళి ఆయన లడ్డు తీసి నోట్లో పెట్టుకున్నాడు.

"యోవ్, నాకేం రోగం లేదయ్యా," అన్నాడు చెంచురామయ్య.

"ఉందని ఎవురన్నారు? లడ్డు బాగుంది."

పక్క ఆకు. ఆ పక్క ఆకు. వరస చివరిదాకా వెళ్ళి తిరిగి ఇటు వచ్చాడు. నా లడ్డు ఈసారి పూర్తిగా పోయింది. ఇరవై ఏళ్ళ కుర్రాళ్ళవీ, పూజారిదీ, బాలింతదీ పోయాయి. పెంచలయ్యవి రెండూ మధ్యలో ఎప్పుడో పోయాయి. ఎన్నో ఆకులో పోయాయో ఎవరూ పట్టుకోలేకపోయారు. అందరూ తమ తమ ఆకుల్ని చేతులతో కప్పుకునే పనిలో ఉన్నారు.

నాలుగు లడ్ల దాకా నమిలాడు. ఐదోదానికి కళ్ళు పైకి పోయాయి. మిగతావి కండువాలో వేసుకున్నాడు.

"ఈయన జబ్బులు చూసి తీసేదేంది, ఈయనకి లెక్కలేంది," అన్నాడొక వలల మనిషి. "ఉత్త తిండిపోతు. ఐసు సుధాకర్ కోతలు కోసినాడు."

పందిరంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆ నవ్వులో నా పరువు పోయింది, పోనీ అనుకున్నాను.

చెంచురామయ్య ఖాళీ ఆకు వైపు చూసుకున్నాడు. "ఇప్పుడు సరంగు తీపి ఎట్ట తినేది?"

హజరత్తయ్య నోరు తెరవలేని స్థితిలో ఉన్నాడు. కండువాలోని లడ్డు నుంచి మిరియపు గింజంత నలుసు తీసి పెంచలయ్య చేతిలో పెట్టాడు. తర్వాత అందరికీ అంతంతే పంచాడు. గంగమ్మ పేరు చెప్పి పెంచలయ్య నలుసు నోట్లో వేసుకున్నాడు. సంప్రదాయం తీరింది. అన్నాలు వడ్డించారు.

మర్నాడు తెల్లవారుతుండగా నేను బోటులోకి ఐసు ఎక్కిస్తున్నాను. ఒడ్డు వెంబడి హజరత్తయ్య వచ్చాడు. ఒక చెయ్యి పొట్ట మీద ఉంది. రెండో చేతిలో పాత గుడ్డసంచి. మోకాలి లోతు నీళ్ళలోకి దిగి, సంచిని అందరికీ కనపడేలా పెంచలయ్యకు అందించాడు.

"ఐదు రోజులకి గదా వచ్చేది. ఈ సంచి నిండా వంజరం తేవాల. చిన్నవి తెస్తే ఒప్పుకోను."

"లడ్లు అయిపోయినాయి, ఇంగ చేపల మీద పడినాడు," అన్నారు బోటువాళ్ళు.

పెంచలయ్య సంచిలోకి చూశాడు. పక్కనే ఉన్నాను గనక నాకూ కనపడింది. అడుగున పది మాత్రల పొట్లాలు. ఒక్కోదాని మీద ఏ రోజో, ఏ పూటో, అన్నం తిన్నాక అనీ పెద్ద అక్షరాలు. పెంచలయ్య సంచి మడిచి చొక్కా లోపల పెట్టుకున్నాడు.

బోటు అలలు దాటేదాకా హజరత్తయ్య నీళ్ళలోనే నిలబడి, వంజరం, వంజరం అని అరుస్తూ ఉన్నాడు.