పద్మ కార్డులో ఒక నెల తక్కువ

మొదటి కాన్పుకి కూతుర్ని పుట్టింటికి తెచ్చుకోవాలి కదా. అందుకే మా పద్మను పిలుచుకు రావడానికి బంగారపేటకు బయలుదేరాను. మంగళవారం ఆడపిల్లను ఇల్లు కదిలించరు. ఆ రోజు నేను పోయి, బుధవారం ఇద్దరం తిరిగి రావాలని అనుకున్నాం. పొద్దున ఆరున్నరకు బెంగళూరు చిక్కపేటలో ఇల్లు వదిలాను. మా ఆయన బట్టల కొట్టు తెరవాలి, రాలేనన్నాడు. ఇలా పోయేవాళ్లకు ఒక మాట చెప్తాను. పొద్దున సిటీ స్టేషన్ నుంచి పోయే ప్యాసింజరు ఖాళీగా ఉంటుంది, కాళ్లు చాపుకుని పోవచ్చు. అటునుంచి వచ్చే బళ్లే పనులకొచ్చే జనంతో కిక్కిరిసి ఉంటాయి. తిరిగి వచ్చేటప్పుడు పదింటి బండి పట్టుకోండి.

బంగారపేటలో దిగి, ఆటోలో వియ్యాలవారింటికి చేరేసరికి పదిన్నర. పద్మ గడపలోకొచ్చి నిలబడింది. ముందు దాని కాళ్లే చూశాను. మెట్టెలు తీసేశారు. పాదాలు ఉబ్బి, వేలితో నొక్కితే గుంట పడి అట్లే నిలిచింది.

"నీళ్లు చేరినాయి వదినా, అందరికీ వచ్చేదే," అంది మా వియ్యపురాలు వెంకటలక్ష్మమ్మ. "కార్డు రాసే నర్సమ్మ డాక్టరు దగ్గరికి పొమ్మనింది. ఎట్లా రేపు బెంగళూరికి పోతా ఉండాది కదా, ఆడనే చూపిస్తారులే అనుకున్నా."

దేవుడి గూట్లోంచి తాయి కార్డు తీసి ఇచ్చింది. గర్భిణీ అయిన ప్రతి ఆడదానికీ సర్కారు ఇచ్చే అట్ట అది. బరువు, సూదులు, రక్తం మాత్రలు, ఎన్నో నెల, అన్నీ అందులో రాస్తారు. మా కాలంలో ఇలాంటిది లేదు. పెట్టెలో ఎందుకులే, దేవుడి దగ్గరుంటే మంచిదని ఆమె గూట్లో పెట్టింది. అట్ట నిండా కుంకుమ.

ఆ కార్డులో ఒక అబద్ధం ఉంది. చెప్పించింది నేనే. నా మొదటి కాన్పులో నెలలు వీధంతా చెప్పుకుని తిరిగాను, బిడ్డ దక్కలేదు. అప్పటినుంచి మా ఇంట్లో ఎవరు నీళ్లోసుకున్నా ఒక నెల తగ్గించే చెప్తాం, దిష్టి తగలకుండా. పద్మకు కొట్టు ఫోనులోంచి చెప్పాను, "ఎవరడిగినా ఒకటి తక్కువ చెప్పు, నా మీద ఒట్టు" అని. అది నర్సమ్మకూ అట్లే చెప్పింది. నిజానికి తొమ్మిదో నెల నడుస్తోంది. కార్డులో ఎనిమిది.

బుధవారం పదింటి ప్యాసింజరు ఎక్కాము. మా ఎదురుగా ఒకామె ఒళ్లో పెద్ద సంచి పెట్టుకుని కూర్చుంది. పేరు నాగరత్నమ్మ, పక్క ఊళ్లో ఆరోగ్య కేంద్రంలో నర్సు, బెంగళూరులో మీటింగుకి పోతోంది. పొట్లం విప్పి చిత్రాన్నం పెడితే తీసుకుంది కానీ, తింటున్నంతసేపూ పద్మ మొహాన్నే చూసింది.

"యామ్మా, తలనొప్పి ఉండాదా?"

"రెండు దినాల్నుంచి ఉండాదక్కా," అంది పద్మ. "కండ్ల ముందర ఏందో మిణుకుమిణుకుమంటాది."

నాగరత్నమ్మ పొట్లం కింద పెట్టేసింది. "ఎన్నో నెల?"

పద్మ నా మొహం చూసింది. అది నోరు తెరిచేలోపు నేనే, "ఎనిమిది," అన్నాను. ఎన్నేళ్ల అలవాటో, నాలుక దానంతటదే తిరిగింది.

నాగరత్నమ్మ కార్డు తీసుకుని చదివి, "బీపీ పోయిన సారే ఎక్కువ రాసినారు, చూడండి," అని వేలు పెట్టి చూపించింది. నాకు తెలుగు అక్షరాలే కూడబలుక్కోవాలి, కన్నడ అక్షరం ఏం చదవను? "ఇంటికి పోవద్దండమ్మా," అంది నాగరత్నమ్మ. "బండి దిగి నేరుగా ఆస్పత్రికి పోండి. ఇది ఫిట్స్ వచ్చే లక్షణం. తల్లీ బిడ్డా ఇద్దరూ పోతారు. మీటింగు లేకుంటే నేనే వచ్చేదాన్ని."

మేమేమో సిటీ స్టేషన్‌కి ముందే వచ్చే కె.ఆర్.పురంలో దిగాలనుకున్నాం. ఆ రోజు పన్నెండు నుంచి ఒకటిన్నర దాకా రాహుకాలం. ఆ వేళలో గర్భిణీని పుట్టింటి గడప దాటించకూడదని, మా చెల్లెలింట్లో అన్నం తిని సాయంత్రం చిక్కపేటకు పోదామని. పదకొండున్నరకు బండి ఆగింది. ప్లాట్‌ఫారం మీద మా చెల్లెలు పూలు పట్టుకుని నిలబడి ఉంది.

"దిగడం లేదే! ఆస్పత్రికి పోతా ఉండాం!" అని కిటికీలోంచి అరిచాను.

"అక్కా, రాహుకాలం!" అంటూ బండితోపాటు నాలుగడుగులు పరిగెత్తింది.

"ఆస్పత్రికి రాహుకాలమేందమ్మా, ఎప్పుడూ జనమే," అంది నాగరత్నమ్మ. ఆ పరిస్థితిలోనూ పద్మ నవ్వింది. నవ్వి, తల పట్టుకుంది.

సిటీ స్టేషన్లో దిగేసరికి పన్నెండూ పది. ఆటోలో సర్కారు కాన్పుల ఆస్పత్రికి పోయాం. వరండా నిండా ఆడవాళ్లు, కింద చాపలు పరుచుకుని కూర్చున్నారు. ఇక ఎప్పటికో అనుకున్నాను గానీ, కార్డు చూపించగానే తలుపు దగ్గరున్న ఆయా మమ్మల్ని లోపలికి తోసింది. ఇలా వెళ్లేవాళ్లు ఆ కార్డు మాత్రం మరచిపోకండి.

డాక్టరమ్మ చిన్నపిల్ల, మా పద్మ కంటే రెండేళ్లు పెద్దదేమో. బీపీ చూసింది, మళ్లీ చూసింది. కన్నడంలో పక్కనున్న నర్సుతో అంది, నాకు అర్థమైంది. కాన్పు చేసేస్తే తల్లి బాగుపడుతుంది, కానీ ఎనిమిదే అంటున్నారు, బిడ్డ ఊపిరి పండి ఉండదు, సూది వేసి రెండు రోజులు చూద్దాం. ఆ రెండు రోజులు తల్లి తట్టుకోవాలి.

పద్మ మంచం మీంచి నన్నే చూస్తోంది. నా మీద ఒట్టు వేయించాను కదా, అది చెప్పదు. వాకిట్లో ఇరవైమంది ఆడవాళ్లు వింటున్నారు. అసలు నెల పైకి చెప్తే ఏమవుతుందోనని భయం. నా మొదటి బిడ్డ మొహం గుర్తొచ్చింది.

"తొమ్మిది నడుస్తా ఉండాదమ్మా," అన్నాను. "ఎనిమిదని నేనే చెప్పించినా. దిష్టికి భయపడి."

ఆమె కోప్పడుతుందనుకున్నాను. కార్డు ముందుకు లాక్కుని పెన్ను తీసింది. "ఖచ్చితంగా? కడపటిసారి బయట ఉన్నదెప్పుడు?"

ఉగాది పోయిన మూడో రోజు. నాకు అన్నీ గుర్తుంటాయి. దాని బాల్యం, పెళ్లి, బయటున్న రోజులు, అన్నీ. చెప్పాను. ఆమె క్యాలెండరు తిప్పి, కార్డులో ఎనిమిది మీద గీత కొట్టి, పక్కన తొమ్మిది రాసింది. "ఈ మాట ముందే చెప్పుంటే పోయిన వారమే అక్కడి ఆస్పత్రివాళ్లు పిలిపించుకునేవాళ్లు కదమ్మా," అంది అంతే. కోప్పడి ఉంటేనే బాగుండేది.

గురువారం మధ్యాహ్నం మూడింటికి ఆడపిల్ల పుట్టింది. చిన్నది, కానీ గట్టిగా ఏడ్చింది. పద్మ బీపీ దిగడానికి చాలా రోజులు పట్టింది. అన్ని రోజులూ నేను ఆ వరండాలోనే, గోడకి ఆనుకుని. నడుము ఇప్పటికీ సరిగ్గా లేదు. వెంకటలక్ష్మమ్మ వచ్చి పక్కన కూర్చుని, సంగతి విని, "నేనూ ఊరందరికీ అట్లే చెప్పినా వదినా," అంది.

ఇంటికి పంపిన రోజు ఆటోల సమ్మె. బస్సులో ముందు సీట్లో పద్మ, ఒళ్లో బిడ్డ, నా చేతిలో ఆస్పత్రివాళ్లిచ్చిన సంచి. దుప్పటి, సబ్బు, దోమతెర, అన్నీ అందులోనే. రోడ్డు తవ్వేసి ఉంది, బస్సు నడిచి పోయేవాళ్ల కంటే నిదానంగా కదిలింది. ఎంత అలసిపోయానంటే, మా వీధి ఎప్పుడొస్తుందా అని కాక, రాకపోయినా ఇట్లే కూర్చుంటే చాలనిపించింది. ఇంతదూరం పోయి వచ్చి నేను తెచ్చుకున్న తెలివి ఒక్కటే. ఆ కార్డు మనుషులకు తోడుండేది మనం నిజం చెప్పినప్పుడే.

పక్క సీటులో ఒక పెద్దావిడ వంగి బిడ్డ బుగ్గ తాకింది. "ఎన్నాళ్ల బిడ్డమ్మా?"

నా నాలుక అలవాటుగా తిరగబోయింది. పద్మ నా వైపు చూసింది.

"పదకొండు," అన్నాను. "ఈ పొద్దుకి పదకొండు దినాలు."