తలుపవతలి ఛీత్కారం

లోకచరిత్రను రాజుల పేర్లతో విభజించడం పండితులకు అలవాటు. మా కచేరీ హాలు చరిత్రను మాత్రం ఒక్క "ఛీ"తో విభజించాలి: తలుపులాయన ఛీ అనకముందు, అన్న తర్వాత.

తలుపులాయన హాలు పెద్ద తలుపు బయట స్టూలు మీద కూర్చునే ఉద్యోగి. గడియ బయటివైపే ఉంటుంది. కచేరీ మొదలవగానే వేయాలి, అయిపోగానే తీయాలి. సందులోంచి తొంగిచూస్తే లోపల వెలుతురు పడుతుందని నిషేధం. ఆ తలుపు మందానికి ఫిడేళ్లూ కొమ్ములూ గొంతులూ కలిసి పక్కింట్లో పిండి రుబ్బుతున్నట్టు వినిపించేవి. స్పష్టంగా చెవిన పడేవి చప్పట్లే. అవి వినగానే గడియ తీసేవాడు.

చిక్కంతా విగ్గుల కాలంనాటి పాశ్చాత్య సంగీతంతో వచ్చింది. అందులో సింఫనీకి నాలుగేసి భాగాలు, మధ్యమధ్య కాస్త మౌనం. అక్కడ చప్పట్లు కొట్టకూడదన్నది మర్యాద. కొట్టేవాళ్లు కొడతారు. పోయిన కచేరీలో అలాగే కొట్టారు. ఈయన తలుపు బార్లా తీశాడు. ఆలస్యంగా వచ్చి వరండాలో కాచుక్కూచున్న జనం బిలబిలమంటూ లోపలికి దూరారు. వాయించబోతున్న వాళ్ల వేళ్లు గాల్లోనే నిలిచిపోయాయి.

"ఇంకొక్కసారి ఇలా జరిగిందా, బళ్ల స్టాండుకి పంపిస్తా," అన్నాడు మేనేజరు.

బళ్ల స్టాండు! అక్కడి యూనిఫారానికి ఇత్తడి బొత్తాలుండవు. ఆ బొత్తాలు చూసే కదా అత్తగారు ఆయన్ని "ఆఫీసరల్లుడు" అనేది!

అందుకని ఈసారి ఒక పథకం వేశాడు. ఉద్యోగులకిచ్చే పాసు మీద టైర్ల కొట్టు బావమరిదిని తలుపు పక్క సీట్లో కూర్చోబెట్టాడు.

"ఒరేయ్, చప్పట్లు నమ్మకు. ఆఖర్న కోరస్ పాడాక, ముందు నిలబడి కర్రతో వాద్యాలవాళ్లని నడిపించే ఆయన జనం వైపు తిరిగి వంగుతాడు. అప్పుడు తలుపు దబదబా బాదు."

"మధ్యలో నవ్వొస్తే నవ్వొచ్చా బావా?"

"నోరు మూసుకుని కూచో."

"మా అక్కకి చెప్పినట్టు చెప్తావేంటి? ఆవిడ మాత్రం వింటుందా!"

గడియ పడింది. పిండి రుబ్బుడు మొదలైంది. కాసేపటికి చప్పట్లు.

"ఛీ!" అన్నాడు తలుపులాయన, కదలకుండా.

వరండాలో చిప్స్ నములుతున్న పెద్దమనిషి లేచాడు. "కొడుతున్నారుగా, తీయండి."

"అవి బుద్ధిలేని చప్పట్లండీ. మీరు ఆ కరకరలు కాస్త దూరంగా చేసుకోండి."

మళ్లీ చప్పట్లు, మళ్లీ ఛీ. మూడోసారి ఛీ అనే ఓపిక కూడా లేక మొహం గోడవైపు తిప్పుకున్నాడు. ఎంతోసేపటికి, హాలు పైకప్పు లేచిపోయేలా చప్పట్లు మోగాయి. ఈలలు కూడా.

"ఛీఛీ! చదువుకున్నవాళ్లే!" అన్నాడు. గడియ మీద చెయ్యి వేయలేదు.

చప్పట్లు ఆగిపోయాయి. కుర్చీల చప్పుడైంది. అప్పుడు తలుపు దబదబా మోగింది.

"వచ్చింది!" అని విజయగర్వంతో గడియ లాగాడు.

బాదింది మేనేజరు. ఆయన వెనక, అర్జంటుగా బాత్రూముకెళ్లాల్సిన ముఖ్య అతిథి. ఆయన వెనక హాలంతా. పక్క సీట్లో బావమరిది నోరు తెరిచి గురక పెడుతున్నాడు. ఈ గొడవకు లేచాడు.

"అయిపోయిందా బావా? బానే ఉందిలే."

బళ్ల స్టాండు హాలు పక్కనే ఉంది. హాలు కిటికీ ఒకటి అటువైపే ఉంది. అద్దం ఏనాడో పగిలింది. తర్వాతి కచేరీని తలుపులాయన, ఇత్తడి బొత్తాల్లేని యూనిఫారంలో అక్కడే నిలబడి, మొదటి ఫిడేలు నుంచి ఆఖరి కోరస్ దాకా జీవితంలో మొదటిసారి పూర్తిగా విన్నాడు.

ఆయనకు నచ్చలేదు.