చిత్తూరు పాత కోర్టు కాడ మా మామ అనిన మాట

"కోర్టు యాడమే?" అనింది అమ్మ.

ఆటో ట్రాఫిక్కులో ఆగుండాది. నేను తల బయటికి పెట్టి సూసినా. చిత్తూరు నడిబొడ్డున దొరల కాలం నించి ఉండిన కోర్టు, లేదు! చుట్టూ రేకులు కట్టుండారు. సందులో నించి సూస్తే లోపల ఒక జేసీబీ, ఇటుకల గుట్ట. రాతిమెట్లు మాత్రం మిగిలినాయి.

ఆ జాగా కథ అమ్మ వాళ్ల నాయన, మా తాత, సెప్పేవాడు. కోర్టు కట్టకముందు అది సంతకొచ్చే ఎద్దులబండ్లు ఇప్పే బయలంట. సున్నం గానుగాడించి, నీవానది ఇసక కలిపి గోడలు లేపినారంట. "ఫిరంగి పేల్సినా కదలదు" అనేవాడు. వాయిదాకొచ్చినోళ్లు ఆ వరండాలోనే సద్దిమూటలు ఇప్పుకోని తినేవాళ్లు, వాది పక్కన ప్రతివాది. అమ్మా, ఆమె తమ్ముడు మా మామా మాత్రం ఎదురెదురు స్తంభాల కాడ కూర్చోని, ఒకరి మొగం ఒకరు సూడకుండా మింగేవాళ్లు.

తగాదా మామిడితోపు మీద. తాత మంచాన పడినప్పుడు, "సగం తోపు బిడ్డకు, పసుపుకుంకుమ కింద" అనినాడు. ఆ మాట అమ్మ గాక ఇనింది మామ ఒక్కడే. ఆయప్ప కోర్టు బోనెక్కి, "మా నాయన అట్లా అననే లేదు" అని సెప్పేసినాడు. కేసు పోయింది. తోపు పోయినందుకు అమ్మ ఏడవలేదు. "తోడబుట్టినోడే నన్ను అబద్ధాలకోరును జేసినాడే" అని ఏడిసింది.

అప్పటి నించీ ఒకటే పట్టు. "కాణిపాకం రమ్మను. తడిగుడ్డల్తో స్వామి ముందర ప్రమాణం జేసి అదే మాట సెప్పమను." మా పక్క కోర్టులో ఏమైనా సెప్తారు గానీ, కాణిపాకంలో బొంకే మొగోడు ఇంకా పుట్టలేదు. మామకు ఒకసారి సూతకం, ఒకసారి జొరం. ఇంకోసారి కాలిరిగిందని పుత్తూరు కట్టు సూపించినాడు. కాలే ఇరిగిందో, ఉత్త కట్టే కట్టించుకున్నాడో, ఆ దేవుడికే ఎరుక!

ఆ పొద్దు బంధువుల పెండ్లి నించి వస్తావుంటే, ఎవురో మామను గూడా మా ఆటోలోకే ఎక్కించేసినారు. దారంతా అమ్మ ఒక పక్కకు, మామ ఇంకో పక్కకు సూస్తా కూర్చున్నారు. కోర్టు కనపడకపోయేసరికి అమ్మ ఆటో దిగి, రేకుల సందులో నించి లోపలికి పోయింది. నేనూ దిగి పోయినా. మామ కట్టె ఊనుకుంటా వచ్చి మా వెనక నిలబడినాడు.

కూలోళ్లు తలుపులూ దూలాలూ ఒక పక్క పేర్చుండారు. వాటి మద్దెలో ఆ బోను, బోర్లా పడుండాది. మామ దాన్ని సూసి గట్టిగా ఊపిరి ఇడిసినాడు.

"పీడ పోయిందిలే అక్కా. ఈ దావన వస్తే సాలు, గుండె దడదడలాడేది. నాయన అనిన మాట అనలేదని సెప్పింది దాంట్లో నిలబడే గదా."

ఓరి నాయనో! ఇన్నేండ్లూ దేవుడి ముందర రాని నిజం ఇటుకల గుట్ట ముందర వచ్చేసింది! ఏమనేసినాడో అప్పుడు తెలిసొచ్చి, మామ మొగం మాడిపోయింది.

అమ్మ అరుస్తాదనుకున్నా. అరవలేదు. పోయి ఆ రాతిమెట్ల మీద కూలబడింది.

"ఇప్పుడు సెప్తివా రా? ఇనేదానికి జడ్జీ లేడు, గోడలు గూడా లేవే!"