రుసైల్‌లో అమెరికా శక్కర్

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. తెలియదని చెప్పడం ఇంకా నేర్చుకోకపోవడం వల్ల అలా అనిపించేదేమో. ఇరవై మూడేళ్ళకు జగిత్యాల నుంచి బొంబాయి మీదుగా మస్కట్ చేరి, రుసైల్ పారిశ్రామికవాడలో రంగులు పోసే రేకు డబ్బాలు తయారుచేసే ఫ్యాక్టరీలో స్టోర్ కీపర్‌గా చేరాను. నాకు ఇంగ్లిష్ కొంచెం, హిందీ బాగా, అరబ్బీ చెయ్యి తిప్పుతూ మాట్లాడగలిగినంత వచ్చు కాబట్టి, ఫ్యాక్టరీలో ఎవరికి ఎవరితో పని పడ్డా నన్ను పిలిచేవారు. దాంతో నేను స్టోరు వదిలేసి దేశాల మధ్య రాయబారం నడుపుతున్నవాడిలా తిరిగేవాణ్ణి. నిజంగా నాకు బొత్తిగా రానిదేమిటంటే ఫుట్‌బాల్. (చిన్నప్పుడు క్రికెట్ బంతి పొరపాటున కాలికి తగిలితే కళ్ళకద్దుకున్న బుద్ధిమంతుణ్ణి నేను. బంతిని పనిగట్టుకుని తన్నే ఆటతో నాకెలా పొసగుతుంది?)

మా ఫ్యాక్టరీకీ పక్కనున్న బిస్కెట్ ఫ్యాక్టరీకీ మధ్య ఒక ఖాళీ జాగా ఉండేది. రెండు వైపుల లేబరూ కలిసి రాళ్ళేరి, గుంతలు పూడ్చి, దాన్ని మైదానం చేసుకున్నారు. చెయ్యడం వరకు కలిసే చేశారు. శుక్రవారం సాయంత్రం దాని మీద ఎవరు ఆడాలన్న దగ్గర తేడా వచ్చింది. వారానికి దొరికేది ఆ ఒక్క సెలవు. రేకులు కత్తిరించే షెడ్డులో వారమంతా ఉడికిపోయిన మనిషికి ఆ సాయంత్రం ఎంతో విలువైంది. పందెం కట్టి మ్యాచ్ ఆడి తేల్చుకుందామంటే, ఎన్నిసార్లు ఆడినా సమానంగానే ముగిసేది. ఆ తర్వాత తోపులాట, తిట్లు, చిరిగిన బనీన్లు. చివరికి పారిశ్రామికవాడ సెక్యూరిటీ ఆఫీసరు వచ్చి, ఇంకొక్కసారి గొడవైతే కంచె వేసి తాళం పెడతానని చెప్పి పోయాడు. ఆ మాటతో రెండు వైపులా మొహాలు వాడిపోయాయి.

సరిగ్గా ఆ సమయానికి మా ఫ్యాక్టరీలో డబ్బాలకు మూతలు బిగించే కొత్త మెషిన్ పెట్టడానికి అమెరికా నుంచి ఒక ఇంజినీరు దిగాడు. పొడుగ్గా, ఎర్రగా, ఎండలో కూడా నిక్కరే వేసుకుని తిరిగేవాడు కాబట్టి మేమంతా ఆయన్ని నిక్కరు సారు అనేవాళ్ళం. మూతల గురించి అడిగితే రెండు మాటలు చెప్పేవాడు; ఫుట్‌బాల్ గురించి అడగకుండానే గంటసేపు చెప్పేవాడు. వాళ్ళ దేశంలో ఆ మధ్యనే జీతాలిచ్చి ఆడించే కొత్త లీగ్ ఒకటి మొదలైందట. వాళ్ళ ఊరికీ ఒక జట్టు వచ్చిందట. ఆ ఆటను వాళ్ళు ఫుట్‌బాల్ అనరు, ‘సాకర్’ అంటారు. (ఫుట్‌బాల్ అని వాళ్ళు వేరే ఆటను పిలుచుకుంటారు, అందులో బంతిని చేత్తో పట్టుకుని పరిగెడతారట. ఈ సంగతి మావాళ్ళకి చెబితే నేనే తప్పు అర్థం చేసుకున్నానని నన్ను జాలిగా చూశారు.)

మా ఫోర్మన్ ఒమానీ. పెద్దకొడుకు పేరు మీద అందరూ ఆయన్ని అబూ ఖమీస్ అనేవారు, అంటే ఖమీస్ వాళ్ళ నాన్న. ఎదురుగా మాత్రం నేను అర్బాబ్ అనేవాణ్ణి, అంటే దొర. మనిషి భారీ, మనసు మెత్తన. మా జట్టులో ముందు వరసలో ఆడేవాడు. పొట్ట ఆయనకన్నా ముందుండేది. బిస్కెట్ ఫ్యాక్టరీ మేనేజరు ఈజిప్టు వాడు. మేనేజరును అరబ్బీలో ముదీర్ అంటారు కాబట్టి ఆయన మాకు బిస్కెట్ ముదీర్. ఈ ఇద్దర్నీ క్యాంటీన్‌లో కూర్చోబెట్టి మాట్లాడితే తేలిపోతుందని నిక్కరు సారు అన్నాడు. దుబాసీగా నన్ను కూర్చోబెట్టారు. నా పక్కన మా జట్టు గోల్‌కీపరు, లారీ డ్రైవరు కడప భాయ్.

నిక్కరు సారు గొంతు సవరించుకుని, అమెరికా సాకర్ ఇంకా చిన్నదే గానీ పదేళ్ళలో ప్రపంచమంతా దానివైపు చూస్తుందని మొదలుపెట్టాడు. నేను హిందీలోకీ, దొరికినంత అరబ్బీలోకీ దించాను. బిస్కెట్ ముదీర్ అంతా శ్రద్ధగా విని, మర్యాదగా తల అడ్డంగా ఊపాడు. “మాకు అవసరం లేదు. ఇప్పుడు కొనేది బాగానే ఉంది, బిస్కెట్‌కి అదే సరిపోతుంది” అన్నాడు. నాకు అర్థం కాలేదు. కడప భాయ్ నా చెవిలో గొణిగాడు. “అబ్బీ, నువ్వు సాకర్‌ని శక్కర్ శక్కర్ అంటాండావు. అరబ్బీలో సుక్కర్ అన్నా చక్కెరేనప్పా. ఆయప్పకి అమెరికా చక్కెర అమ్మను వచ్చినావనుకుంటాండాడు!”

ఫుట్‌బాల్ అని విడమర్చాక ముదీర్ పడీ పడీ నవ్వాడు. నవ్వి, “అమెరికాలో ఫుట్‌బాలా? మా కైరోలో పెద్ద మ్యాచ్ ఉంటే ఊళ్ళో ట్రాఫిక్ ఆగిపోతుంది, పెళ్ళిళ్ళు వాయిదా పడతాయి. మీ దగ్గర ఏం ఆగుతుంది?” అని అడిగాడు. అబూ ఖమీస్ అందుకున్నాడు. ఆయన ప్రతివారం టీవీలో ఇటలీ లీగ్ చూసేవాడు. “ఇటలీవాడు ఓడితే ఏడుస్తాడు. ఇంగ్లిష్‌వాడు వానలో తడుస్తూ పాడతాడు. నీ అమెరికావాడు ఏం చేస్తాడు సదీక్?” సదీక్ అంటే దోస్తు. నిక్కరు సారు నిజాయితీగా, “పిల్లల్ని తీసుకొస్తాడు. ఏదన్నా కొనుక్కుని తింటాడు. పార్కింగ్‌లో రద్దీ పెరక్కముందే ఇంటికెళ్ళిపోతాడు” అన్నాడు. నేనది అనువదించాను. చావు కబురు విన్నట్టు ముదీర్ ఆయన భుజం తట్టాడు.

అయినా నిక్కరు సారు తగ్గలేదు. మా లీగ్ పెరగాలంటే మావాళ్ళకి అర్థమయ్యేలా మార్చాలి, మార్చాం కూడా, అన్నాడు. గడియారం ముందుకు కాదు, వెనక్కి నడుస్తుంది. సున్నా రాగానే ఆట అయిపోతుంది. సమానం అన్న మాటే లేదు. టికెట్ కొన్నవాడికి ఎవరు గెలిచారో చెప్పి పంపాలి కదా? స్కోరు సమానమైతే ఒక్కొక్కడు దూరం నుంచి బంతితో ఒంటరిగా పరిగెత్తుకొస్తాడు, గోల్‌కీపరు ఎదురు వస్తాడు, ఐదు సెకన్లలో గోల్ కొట్టాలి. “మీ రోగానికి ఇదే మందు. ఈ శుక్రవారం అమెరికా పద్ధతిలో ఆడండి. సమానం కాదు, గొడవ ఉండదు.” కంచె సంగతి గుర్తొచ్చి ఇద్దరూ ఒప్పుకున్నారు. ఇక రెఫరీ ఎవరన్న ప్రశ్న వచ్చింది. ఆట తెలిసిన ప్రతివాడూ ఏదో ఒక పక్షంవాడే. రెండు ఫ్యాక్టరీల్లో ఫుట్‌బాల్ ముక్క కూడా రాని ఏకైక మగవాడు ఎవరని వెతికితే, అందరి కళ్ళూ నా మీద ఆగాయి.

“భాయ్, నాకేం తెల్వది గదా, నన్నెట్ల నిలవెడుతున్నరు?” అని కడప భాయ్‌ని బతిమాలాను.

“తెలీదు గనకే నీ మాట ఇంటారు. తెలిసినోని మాట ఎవురింటార్లే” అన్నాడాయన.

శుక్రవారం సాయంత్రం రెండు వైపులా గోడల మీద జనం. బిస్కెట్ వాళ్ళ దగ్గరా మనవాళ్ళు ఉండేవారు. నిజామాబాద్, కరీంనగర్ పల్లెల నుంచి వచ్చి కొత్త షెడ్డు కడుతున్న మేస్త్రీలు, కూలీలు. నా మెడలో ఒక విజిల్, ఒక గడియారం వేలాడుతున్నాయి. గడియారం మా ల్యాబ్‌ది, రంగు ఆరడానికి ఎంతసేపు పడుతుందో చూసేది. తిప్పి పెడితే వెనక్కి నడిచి, సున్నా రాగానే బడి గంటలా మోగేది. విజిల్ ఊదడం మాత్రం నాకు బాగా నచ్చింది. బంతి బయటికి పోయినా ఊదాను, లోపలికి వచ్చినా ఊదాను. ఒకసారి దుమ్ము కంట్లో పడి ఊదాను, అప్పుడు కూడా ఎవడో ఒకడు క్షమాపణ చెప్పాడు. అధికారం అంటే ఏమిటో నాకు జీవితంలో అప్పుడే కాస్త రుచి తెలిసింది.

వాళ్ళొక గోల్, మేమొక గోల్ కొట్టాం. ఆట చివరికి వచ్చింది. బంతి అబూ ఖమీస్ కాళ్ళ దగ్గర పడింది. ఆయన ఆయాసపడుతూ దాన్ని తన్నాడు. బంతి గాల్లో ఉండగా నా మెడలో గంట మోగింది. మోగుతూ ఉండగా బంతి గోల్‌లోకి వెళ్ళింది. మావాళ్ళు గోడల మీంచి దూకి ఆయన్ని కౌగిలించుకున్నారు. నిక్కరు సారు మాత్రం చేతులు రెండూ ఊపుతూ మైదానంలోకి పరిగెత్తుకొచ్చాడు. “గోల్ కాదు! గడియారం సున్నా!”

ఇరవైరెండు మంది నా చుట్టూ మూగారు. గోల్ అంటే బిస్కెట్ వాళ్ళు కొడతారు. కాదంటే, నా ఓవర్‌టైం మీద సంతకం పెట్టే మా ఫోర్మన్ మొహం రేపు పొద్దున ఎలా చూడను? మెడలోని గడియారం ఇంకా మోగుతూనే ఉంది, దాన్ని ఎలా ఆపాలో నాకు తెలియదు. ఆ మోతలో, నా గొంతు నాకే వినపడకుండా, “గోల్ కాదు” అన్నాను.

“యా వలద్!” అన్నాడు అబూ ఖమీస్. ఒరేయ్ అబ్బాయ్ అని దాని అర్థం. కోపంగా అనలేదు. కన్నకొడుకే మోసం చేసినట్టు అన్నాడు. అంతకన్నా కొట్టి ఉంటే బాగుండేది.

ఇక అమెరికా మందు మొదలైంది. నేను ఐదు లెక్కపెట్టాలి. కంగారులో నా నోట అంకెలు తెలుగులో వచ్చాయి. దాంతో గోడ మీది మనవాళ్ళంతా పాఠశాల పిల్లల్లా నాతో గొంతు కలిపారు. “ఒకటీ! రెండూ!” అని వంద గొంతులు అరుస్తుంటే పరిగెత్తేవాడు హడలిపోయి బంతిని వదిలి ముందుకు పోయేవాడు. ఒకడు బంతిని కడప భాయ్ చేతికే అందించాడు. మావాడొకడు గోల్ వదిలి ప్రహరీ మీదికి తన్నాడు. నేను మూడు మింగేశానని బిస్కెట్ వాళ్ళు, రెండు సాగదీశానని మావాళ్ళు నా మీద అరుస్తున్నారు. నా లెక్క అర్థమైన మేస్త్రీ ఒకాయన గోడ మీంచే తీర్పు చెప్పాడు. “అరే, పిలగాడు మంచిగనే లెక్కవెడుతుండు, మీ ఉరుకుడే మంచిగ లేదు!” అన్ని పరుగులూ అయ్యేసరికి ఒక్క గోల్ పడలేదు. మిగిలింది మా వైపు ఆఖరి పరుగు, అబూ ఖమీస్‌ది.

ఆయన ఒమానీలు వేసుకునే పొడుగు అంగీ, డిష్‌డాషా, ఎప్పుడో విప్పేసి, నడుముకి లుంగీ బిగించి ఆడుతున్నాడు. బంతిని ముందుకు నెట్టి కదిలాడు. “ఒకటి” అన్నాను. పొట్ట, బంతి, ఆయన, ఆ వరసలో వస్తున్నారు. “రెండు.” బిస్కెట్ గోల్‌కీపరు ఎదురు పరిగెత్తాడు. “మూడు.” అబూ ఖమీస్ బంతిని తన్నబోయి, బంతి మీదే కాలేసి, వెల్లకిలా పడ్డాడు. ఆ చప్పుడు ఇప్పటికీ నా చెవిలో ఉంది. నేను లెక్క మరిచిపోయి, “అయ్యో, అర్బాబ్!” అని పరిగెత్తాను. నాకంటే ముందే ఆయన్ని చేరినవాడు బిస్కెట్ ముదీర్. ఆయన తల ఒళ్ళో పెట్టుకుని, తన నెత్తి మీది టోపీ తీసి విసురుతూ, “అబూ ఖమీస్, అబూ ఖమీస్, మాట్లాడు” అని పిలిచాడు.

అబూ ఖమీస్ కాసేపు ఆకాశం వైపు చూశాడు. తర్వాత మెల్లగా, “ఈ అమెరికా సుక్కర్ నా ఒంటికి పడలేదు” అన్నాడు. ముదీర్ నవ్వు ఆపుకోలేక ఆయన మీదే వాలిపోయాడు. ఇద్దరి పొట్టలూ కలిసి ఊగుతుంటే రెండు జట్లూ చుట్టూ కూర్చుని నవ్వాయి. అవతల నిక్కరు సారు ఒక్కడే నిలబడి, “నాలుగు, ఐదు అను! నువ్వు ఐదు అనకపోతే ఆట ముగిసినట్టు కాదు!” అని నా వైపు వేలు చూపిస్తున్నాడు. అప్పుడే మసీదులో మగ్రిబ్ అజాన్ వినిపించింది. అబూ ఖమీస్ ఒక చెయ్యి ముదీర్ భుజం మీదా, ఇంకో చెయ్యి గోల్‌కీపరు భుజం మీదా వేసి కుంటుకుంటూ నమాజుకి వెళ్ళాడు. కడప భాయ్ గ్లవ్స్ తీసి నాకిచ్చి వాళ్ళ వెనకే నడిచాడు.

ఖాళీ మైదానంలో నేనూ నిక్కరు సారూ మిగిలాం. ఆయన గోల్ స్తంభానికి ఆనుకుని కూర్చున్నాడు. చిన్నబోయిన మొహం. “మా దేశంలో ఇది పెరగదంటావా?” అని అడిగాడు. ఎవరి సలహా దొరికినా చాలనుకునే స్థితిలో ఉన్నాడు పాపం. నేనూ తెలియదని చెప్పే అలవాటు లేనివాణ్ణి. నాకొచ్చిన ఇంగ్లిష్‌లో చెప్పాను: “సార్, మీ జనాన్ని అంత తొందరగా ఇంటికి పంపొద్దు. సమానమైతే సమానం కానియ్యండి. వీళ్ళంతా వారం పొడుగునా డ్యూటీలో, బస్సులో, రూమ్‌లో ఆ గోల్ గోలా కాదా అని కొట్లాడుకుంటారు. వచ్చే శుక్రవారం దాకా ఆట నడుస్తూనే ఉంటది. గడియారం ఎటు నడిస్తే ఏంది?” ఆయన లేచి నిక్కరుకంటిన దుమ్ము దులుపుకున్నాడు. తర్వాత, “నువ్వు ఎన్నేళ్ళు ఆడావు?” అన్నాడు. ఆడలేదని చెప్పాను. అబద్ధం అనుకున్నాడో ఏమో, గౌరవంగా తల ఊపాడు.

నమాజు నుంచి తిరిగొచ్చేసరికి పెద్దలిద్దరూ తీర్మానం చేసుకుని వచ్చారు. ఇకపై శుక్రవారం రెండు ఫ్యాక్టరీలు కలిసే ఆడతాయి, సగం వాళ్ళు సగం వీళ్ళు కలిసి ఒక్కో జట్టు. గడియారం మెడలో వేసుకుని ఎవడైనా మైదానంలోకి వస్తే రెండు జట్లూ కలిసి తంతాయి. కంచె బెడద తప్పింది. “చూశావా, మా పద్ధతి వల్లే తేలింది!” అన్నాడు నిక్కరు సారు. ఎవరూ కాదనలేదు. మెషిన్ పని అయ్యేదాకా ఆయన కూడా ప్రతి శుక్రవారం వచ్చి ఆడాడు. ఓడినరోజు ఇటలీవాడిలా కాకపోయినా, కొంచెం మొహం ముడుచుకోవడం నేర్చుకున్నాడు.

కొన్నేళ్ళకి నా పెళ్ళయి, మస్కట్‌లోనే దార్సైట్‌లో ఫ్లాట్ తీసుకున్నాక, ఒకరోజు ఇంగ్లిష్ పేపరులో ఆటల పేజీ మూల చిన్న వార్త చదివాను. అమెరికా లీగ్‌వాళ్ళు వెనక్కి నడిచే గడియారాన్నీ, ఆ ఒంటరి పరుగునీ తీసేశారట. ఇకనుంచి సమానమైతే సమానమేనట. మా ఆవిడను పిలిచి, అది నా సలహానే అని వివరంగా చెప్పాను. ఆమె అంతా విని, “అయితే మీ పేరు వేయలేదేం?” అని అడిగింది. నిజమే, వేయలేదు. ఒక స్టోర్ కీపరు మాట సముద్రాలు దాటి పోలేదని నాకూ తెలుసు. అయినా ఆ సాయంత్రం రువి బజార్లో ఛాతీ విరుచుకునే నడిచాను.

ఇప్పుడు ఫుట్‌బాల్ గురించి నాకు చాలానే తెలుసు. ఎవరైనా ఏ లీగ్ గొప్పదని అడిగితే మాత్రం, చెప్పలేనండీ అని తప్పుకుంటాను. బంతి ఆకారం తప్ప మరేమీ తెలియకుండా ఒక దేశానికే దారి చూపించిన ఆ బక్కపలచని కుర్రవాడి మీద నవ్వొస్తుంది. నవ్వు తగ్గాక, వాడితో ఒక్క శుక్రవారం గడపాలనిపిస్తుంది.