వాలు తప్పిన బాత్రూం

మా అత్తమ్మ మోకాళ్లు వంగవు. మర్రిగూడ వైపు ఊళ్లలో ఆ వయసువాళ్లు చాలామంది అంతే. చిన్నప్పటి నుంచి ఫ్లోరైడ్ ఉన్న బావినీళ్లు, బోరునీళ్లు తాగి ఎముకలు బిగుసుకుపోయాయి. తెలంగాణ వచ్చాక మా ఇంటికీ కృష్ణా నీళ్ల నల్లా వచ్చింది. మా పిల్లల పళ్లు తెల్లగా ఉన్నాయి. అత్తమ్మ కాళ్లకు మాత్రం ఆ నీళ్లు ఆలస్యంగా వచ్చినట్టే.

అప్పట్లో మా బాత్రూం పెరట్లో, గొర్లదొడ్డి దాటాక ఉండేది. వెనక మెట్లు దిగి, పెంటికలు తొక్కుకుంటూ పోవాలి. వానపడితే అక్కడ నేలంతా జారుడే. ఒక వానాకాలం పొద్దున అత్తమ్మ సగం దూరం పోయి, దొడ్డి తడిక పట్టుకుని ముందుకూ వెనక్కూ కదలలేక నిలబడిపోయింది. మా ఆయన పరుగెత్తి పోయి ఆమెను ఎత్తుకుని లోపలికి తెచ్చాడు. కొడుకు అలా చంటిపిల్లలా ఎత్తుకురావడం ఆమెకు సిగ్గనిపించింది.

వంటింటిని ఆనుకుని పాత సామాన్లు పడేసుకునే అర్ర ఒకటి ఉంది. దాన్నే బాత్రూం చేద్దామనుకున్నాం. పని చేయడానికి బావను పిలిచాం. అత్తమ్మ అక్క కొడుకు ఆయన. పక్క ఊళ్లో ఉంటాడు, ఇళ్లు కట్టే సుతారి పని చేస్తాడు. మా ఇంటి గోడలు లేపింది కూడా ఆయనే కాబట్టి, ఇంకొకరిని పిలవాలన్న మాటే ఇంట్లో పుట్టలేదు.

గోడలకు టైల్స్ బాగానే వేశాడు. కాళ్లు మడవకుండా కూర్చునే కమోడ్ పెట్టాడు. అత్తమ్మ రోజూ తలుపు దగ్గర కుర్చీ వేయించుకుని, పని జరుగుతుంటే చూసేది. వచ్చిపోయే ఆడవాళ్లందరికీ చూపించేది. తీరా నేల పరిచే సమయానికి బావకు దేవరకొండలో స్లాబ్ పని తగిలింది. మిగిలింది హడావిడిగా ముగించి, "జర ఆరనియ్యుండ్రి, తర్వాత మంచిగ వాడుకోండ్రి" అని చెప్పి బండెక్కి పోయాడు.

మొదటి స్నానం అత్తమ్మదే. లోపల స్టూలు వేసి, కాగిన నీళ్లు పెట్టి, నేను వంటింట్లోకి వచ్చి రొట్టెలు చేస్తున్నాను. కాసేపటికి పాదాలకు వెచ్చగా తగిలింది. కిందికి చూస్తే నీళ్లు. బాత్రూం తలుపు కింది నుంచి వచ్చి, నా కాళ్ల మధ్యగా పోయి, మూలనున్న బియ్యం సంచి అడుగున చేరాయి. ఆమె పడిపోయిందేమో, బిందె ఒలికిందేమో అని తలుపు దగ్గరికి పరుగెత్తాను.

"అత్తమ్మా! పడ్డవా ఏంది?"

"నేనెందుకు పడత? మంచిగ పోసుకుంటున్న."

"నీళ్లన్ని ఇటే వస్తున్నయి!"

లోపల చెంబు చప్పుడు ఆగిపోయింది. నీళ్లు పోయే రంధ్రం ఒక మూలన ఉంది, నేల వాలేమో తలుపు వైపుకు ఉంది. ఆ రంధ్రం దగ్గర చుక్క నీరు లేదు. సంచి అడుగు తడిసి బియ్యం ఉబ్బాయి. వాటిని చాపల మీద ఎండబోస్తూ ఉంటే, అత్తమ్మ తల తుడుచుకోవడం కూడా మరిచిపోయి, తప్పంతా తనదే అన్నట్టు నా వెంటే తిరిగింది.

మా ఆయన ఫోన్ చేస్తే బావ నవ్వాడు. "కొత్త పని గదరా, కొన్నొద్దులు అట్లనే ఉంటది. అదే సెట్ అయితది" అన్నాడు. నేల వాలు తనంతట తాను ఎట్లా మారుతుందో ఆయన చెప్పలేదు, మా ఆయన అడగలేదు.

ఇక రోజూ అదే పని. ఆమె లోపల స్నానం చేస్తుంటే, నేను తలుపు బయట గోనెసంచులు అడ్డం వేసి, చీపురుతో నీళ్లు పెరట్లోకి తోసేదాన్ని. కొంతకాలానికి నాకు ఒకటి తెలిసింది. అత్తమ్మ రోజూ స్నానం చేయడం లేదు. "ఇయ్యాల ఒళ్లు బాగలేదు," "ఇయ్యాల చలిగున్నది" అంటోంది. ఎండాకాలంలో చలేమిటి? నాకు పని తగ్గించాలని మానేస్తోంది. ఆ సంగతి తెలిశాక నాకు కోపం ఆగలేదు.

"మీ అన్నను పిలుస్తవా, నన్ను ఇంకో సుతారిని పిలవమంటవా?" అని మా ఆయనను నిలదీశాను.

"ఇంకోన్ని పిలిస్తే అన్న మన గడప తొక్కుతడా? సొంతోడు. నెమ్మదిగ చెప్పాలె."

నెమ్మదిగానే చెప్పాడు. బావ వచ్చాడు. నేల వంక సరిగా చూడనైనా చూడలేదు. రెండు ఇటుకలు, కాస్త సిమెంటు తెచ్చి, తలుపు దగ్గర జానెడు ఎత్తున అడ్డంగా కట్ట కట్టాడు. "ఇగ సుక్క బయటికొస్తే నన్నడుగు మరదలా" అన్నాడు.

నిజమే, చుక్క బయటికి రాలేదు. నీళ్లన్నీ లోపలే మడుగు కట్టాయి. ఆ కట్ట దాటడానికి అత్తమ్మ కాలు లేవలేదు. గోడ పట్టుకుని, చీర కుచ్చిళ్లు పైకి దోపి, రెండు మూడు సార్లు ప్రయత్నించింది. తర్వాత చేతికర్ర అందుకుని, వెనక మెట్లు దిగి, గొర్లదొడ్డి అవతలి పాత బాత్రూం వైపు నడిచింది. ఎవరి కోసం కట్టామో ఆమె తప్ప మేమంతా ఆ బాత్రూంలో స్నానాలు చేశాం. ఆ రోజుల్లో నాకూ మా ఆయనకూ మాటల్లేవు. అన్నం పెట్టేదాన్ని, అంతే.

శ్రావణంలో పెద్దత్తమ్మ వచ్చింది, అంటే బావ తల్లి. మా అత్తమ్మే ఫోన్ చేసి రమ్మందట. బావే బండి మీద తెచ్చి దింపి, అరుగు మీద కూర్చుని చాయ్ తాగుతున్నాడు. పెద్దత్తమ్మ కాళ్లు మా అత్తమ్మ కాళ్లకంటే అధ్వాన్నం. ఒకే ఇంట్లో పుట్టి, ఒకే బావి నీళ్లు తాగినవాళ్లు.

"అక్కా, దొడ్డి దిక్కు ఎందుకు పోతవ్? లోపటనే ఉన్నది, నీ కొడుకే కట్టిండు," అని అత్తమ్మ చెప్పడం వినపడింది.

నేను వెళ్లేలోపే పెద్దత్తమ్మ కేకపెట్టింది. ఒక కాలు కట్టకు అవతల పెట్టింది, రెండోది ఇవతలే ఉండిపోయింది. లోపలికి పోలేదు, వెనక్కి రాలేదు. రెండు చేతులతో తలుపు పట్టుకుని వణుకుతోంది. బావ చాయ్ గ్లాసు పక్కన పెట్టి ఉరికివచ్చాడు. తల్లిని చంకల కింద పట్టుకుని ఇవతలకు తీశాడు.

"ఎవడ్రా గీ కట్ట కట్టింది?" అంది పెద్దత్తమ్మ, ఊపిరి అందక. కొడుకే కట్టాడని ఇందాకే విన్న సంగతి ఆ భయంలో మరిచిపోయినట్టుంది.

బావ ఆమెను పట్టుకుని నడిపించాడు. తల్లిని మంచం మీద కూర్చోబెట్టి, ఆమె మోకాళ్ల వంక కాసేపు చూశాడు. తర్వాత నా దగ్గరికి వచ్చి, "బకెట్ నీళ్లు తే మరదలా" అన్నాడు. తెచ్చిస్తే బాత్రూం నేల మీద కుమ్మరించి, అవి ఎటు పోతున్నాయో నిలబడి చూశాడు. అలా చూడడం అదే మొదటిసారి.

"ఆ దినం స్లాబ్ పనికి అందాలని ఉరికిన. వాలు చూసే రసమట్టం గూడ పెట్టలే," అన్నాడు. క్షమించమని అడగలేదు. మా ఆయన, "పోనియ్యన్నా" అనబోతే నేను కళ్లెర్రజేశాను.

మరునాడు సుత్తి, ఉలి పట్టుకుని వచ్చాడు. ముందు కట్ట పగలగొట్టాడు, తర్వాత నేలంతా. సిమెంటు దుమ్ము వంటింట్లోకి వచ్చి, ఆ రోజు పప్పులో కూడా పళ్ల కింద కరకరలాడింది. ఈసారి టైల్స్ పరుస్తూ మధ్యమధ్యలో నీళ్లు పోసి చూసుకున్నాడు. గోడకు ఇనుప కడ్డీ బిగించే ముందు ఇద్దరు ముసలమ్మలనూ పిలిచి, "చెయ్యి ఎక్కడిదాంక అందుతదో పెట్టి చూపుండ్రి" అన్నాడు. ఇద్దరూ వేర్వేరు ఎత్తుల్లో పెట్టి గొడవపడ్డారు. చివరికి రెండు కడ్డీలు బిగించాడు.

పాత టైల్స్ రంగువి దుకాణంలో దొరకలేదు. గోడ నీలం, నేల ఎరుపు. వంటింటి గోడ అడుగున చెమ్మ దిగి లేచిన పెచ్చులు ఇంకా అట్లాగే ఉన్నాయి. సున్నం వేసినప్పుడల్లా మళ్లీ రాలుతాయి. నీళ్లు మాత్రం పోవాల్సిన మూలకే పోతున్నాయి.

అక్కను కావాలనే పిలిపించావా అని అత్తమ్మను తర్వాత అడిగాను.

"అక్కను చూడబుద్ధయింది, పిలిచిన. అంతే," అని అటు తిరిగి పడుకుంది.

ఇప్పుడు ఆమె రోజూ స్నానం చేస్తుంది. మోకాళ్ల మీద వేడినీళ్లు చెంబుతో మెల్లగా పోసుకుంటూ చాలాసేపు కూర్చుంటుంది. పిల్లల బడికి టైమవుతోందని నేను తలుపు కొడతాను.

"ఆగు బిడ్డా," అంటుంది లోపలి నుంచి. "ఇంకో బకెట్ తే."