దుబాయి దాకా పోయిన నిరుపేద కుటుంబం

ఎంబీఏ ఫైనాన్స్ పాసై ఇంట్లో కూర్చున్న ఆడపిల్లకు మా ఊళ్లో దొరికే కొలువు ఒక్కటే. దరఖాస్తులు రాసిపెట్టడం. మాది మక్తల్ అవతలి పల్లె, ఇంకాస్త ముందుకు పోతే కర్ణాటక తగులుతుంది. డిగ్రీ సెలవుల్లో సరదాగా మొదలుపెట్టిన పని, పాలమూరులో ఎంబీఏ పూర్తయ్యాక కూడా నన్ను వదల్లేదు. పంచాయతీ ఆఫీసు అరుగు మీద కూర్చుని పింఛనుకు, హాస్టల్ సీటుకు, దవాఖాన ఖర్చులకు, ఎవరికేం కావాలన్నా నేనే రాసేదాన్ని. జీతం లేదు. రోజుకు రెండుసార్లు సర్పంచ్ చాయ్ తెప్పించేవాడు, ఒకసారి చక్కెర ఉండేది.

ఆ కాగితాలన్నిటికీ మొదలు ఒక్కటే. "అయ్యా, నేను నిరుపేద కుటుంబానికి చెందినదానను. మాకు గుంట భూమి గానీ, వేరే ఆధారం గానీ లేదు." ఈ నమూనా తయారుచేసింది నేనే, దాని మీద నాకు కొంచెం గర్వం కూడా ఉండేది. ఆ రెండు ముక్కలు లేకపోతే ఆఫీసుల్లో రెండో పేజీ తిప్పరని నా అనుభవం. నాలుగెకరాలు ఉన్న ఆయన కూడా ఆ ముక్కల కింద నిశ్చింతగా వేలిముద్ర వేసి వెళ్లేవాడు.

పగలు ఊరికి దరఖాస్తులు రాస్తూ, పొద్దుగూకాక నాకోసం నేను రాసుకునేదాన్ని. హైదరాబాద్, బెంగళూరు నుంచి జవాబే రాలేదు. చివరికి కాలేజీలో నాకంటే ముందు చదివిన ఒక అక్క చెబితే, దుబాయిలో ఇతరుల డబ్బు పెట్టుబడి పెట్టే ఒక చిన్న కంపెనీకి పంపాను. వీడియోలో రెండుసార్లు ఇంటర్వ్యూ చేశారు. రెండూ గట్టెక్కాను. నేనే నమ్మలేదు. మా వాడలో దేశం దాటినవాళ్లు లేరు. మావాళ్లు పోయేది బొంబాయి, పుణె, అదీ మట్టి పనికి. మా బాపు పన్నెండేళ్లు బొంబాయిలో మట్టి మోసి, తిరిగొచ్చి ఎకరన్నర కొన్నాడు. మా ఇంటి చరిత్రలో మొదటి భూమి అది. దాని పాసుపుస్తకం మా ఇంట్లో బైబిలు పక్కనే ఉంటుంది, బైబిలు కంటే ఎక్కువసార్లు తెరుస్తారు.

ఇక ఉద్యోగం వచ్చినట్టే అనుకుంటుండగా దుబాయి నుంచి ఒక ఫారం వచ్చింది. నన్ను, నా పనిని ఎరిగిన ఇద్దరి ఫోన్ నంబర్లు కావాలట. బంధువులు కాకూడదట. ఒకరు మా కాలేజీ సారు. రెండోవాళ్ల కోసం ఊరంతా వెతికాను. అత్త, మామ, చిన్నమ్మ, తాత అని వరస కలపకుండా ఎవరినీ పలకరించని ఊళ్లో బంధువు కానివాణ్ని ఎక్కడినుంచి తెస్తాం?

"సర్పంచ్ నంబర్ రాయి బిడ్డా" అన్నాడు బాపు. "పెద్దమనిషి చెప్పందే నౌకరి ఎవడిస్తడు? నాకు కాలు ఇరిగినప్పుడు దవాఖానల మంచం ఎట్ల దొరికింది?"

"బాపూ, గది దుబాయి. మండలాఫీసు కాదు."

"యాడైనా కుర్సీల కూసునేటోడు మనిషే గదా."

నాకు కోపం వచ్చింది గానీ వేరే దిక్కు లేదు. పైగా నా పని కళ్లారా చూసింది సర్పంచ్ ఒక్కడే. ఆయన్ను నేను పెదనాయినా అని పిలుస్తానన్న సంగతి మాత్రం ఫారంలో రాయలేదు.

మూడు రోజుల తర్వాత సర్పంచ్ స్వయంగా మా ఇంటికొచ్చి, మంచం మీద కూర్చుని, మీసం సవరించుకున్నాడు.

"ఫికర్ చెయ్యకు బిడ్డా, పని అయినట్టే. దుబాయి నుంచి ఎవరో మేడమ్ ఫోన్ చేసింది. పావుగంట మాట్లాడిన, హిందీల. గరీబ్ ఖాందాన్ అని చెప్పిన. గుంట భూమి లేదన్న. నాయిన కాలు ఇరిగి పనికి పోతలేడన్న. అప్పులోళ్లు పొద్దుగాల్నే వాకిట్లకొచ్చి కూసుంటరన్న. ఆమెకు నోట మాట రాలేదు, పాపం."

పరాయివాళ్ల సొమ్ము చేతిలో పెట్టే కంపెనీకి, ఈ పిల్ల వాకిట్లో అప్పులవాళ్లు కూర్చుని ఉన్నారని చెప్పొచ్చాడు ఈయన! అలాంటి చోట్ల మొట్టమొదట చూసేదే అది. మెడదాకా అప్పుల్లో ఉన్న మనిషిని డబ్బు దగ్గరికి రానివ్వరు. నా ఉద్యోగం మా మంచం మీదే ప్రాణం విడిచింది.

బాపు బాధ వేరు. "గుంట భూమి లేదన్నవా? రిజిస్ట్రేషన్ నాడు సాక్షి సంతకం పెట్టింది నువ్వే గదనే!"

"ఎందుకట్ల చెప్పినవ్ పెదనాయినా?" అని నేను అరిచాను. ఆయన నిజంగానే బిత్తరపోయాడు. చొక్కా జేబులోంచి నాలుగు మడతల కాగితం తీసి నా చేతిలో పెట్టాడు.

"నువ్ రాసిందే గదా బిడ్డా. దీన్నే చూసుకుంట చెప్పిన, నాయిన కాలు, అప్పులోళ్ల ముచ్చట మాత్రం నేను కలిపిన. గీ కాగితం పెడితే ఎన్నడన్న పని కాకుండ వాపసు వచ్చిందా?"

అది నా దస్తూరీ. ముఖ్యమైన ముక్కల కింద నేను గీసిన గీతలతో సహా నా నమూనా. తిట్టడానికి ఆయన దొరకలేదు, నేను దొరికాను.

మరునాడే దుబాయి మేడమ్ ఫోన్ చేసింది. బాపు తలుపు అవతల గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఆయనకు ఇంగ్లీషు రాదు, అయినా ఊపిరి బిగబట్టి వింటున్నాడు. మీ కుటుంబం నిజంగా అంత ఇబ్బందుల్లో ఉందా, అని ఆమె మెల్లగా, చావింటికి వచ్చినట్టు అడిగింది. సర్పంచ్ ఏదో పొరబడ్డాడని చెప్పి తప్పించుకోవచ్చు. కానీ ఆ కాగితం ఇంకా నా చేతిలోనే ఉంది.

"ఆయన చెప్పింది నా మాటలే మేడమ్" అని మొత్తం చెప్పాను.

"అంటే మీరు అబద్ధాలు రాసేవారా?"

"రాశాను. లేనివాళ్లకూ ఉన్నవాళ్లకూ ఒకే పేదరికం రాశాను. అది తప్పే. నిజంగా లేనివాళ్ల కాగితం విలువ కూడా దానివల్లే తగ్గింది."

"మరి మీరు?"

"మేం పేదవాళ్లం కాదు మేడమ్. మా బాపుకు ఎకరన్నర భూమి ఉంది. ఇల్లు సొంతం. వాకిట్లో పొద్దున్నే వచ్చి కూర్చునేవి మా కోళ్లు."

ఆమె నవ్వింది. నవ్వి, రెండు రోజుల్లో చెబుతామని పెట్టేసింది.

"ఏమడిగిరి?" అన్నాడు బాపు లోపలికొచ్చి.

"మీరు గరీబోళ్లా అని అడిగిండ్రు. కాదన్న."

బాపు కళ్లు తుడుచుకోవడం చూసి నాకూ ఏడుపు ఆగలేదు. తర్వాత వీధి వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి అన్నాడు. "గంత గట్టిగ అనకు బిడ్డా, రేషన్ కార్డు పోతది."

రెండు రోజులన్నది ఆరు రోజులైంది. ఏడో నాడు ఉద్యోగం ఇస్తున్నామని ఉత్తరం వచ్చింది. నేను చదివి చెప్పడం ముగియకముందే బాపు చెప్పులేసుకుని వాడలోకి పోయాడు. నేను వెనకే పోయేసరికి చర్చి ముందర నలుగురిని నిలబెట్టి, రేషన్ కార్డు సంగతి మరిచిపోయి, గట్టిగా చెబుతున్నాడు.

"దుబాయోళ్లకు గుడ ఎరికైంది, మాకు ఎకరన్నర ఉన్నదని!"

"మరి పిల్ల నౌకరో?" అని ఎవరో అడిగారు.

"అది గుడ వచ్చింది" అన్నాడు.